మన దగ్గరికి ఎప్పుడొస్తది

హఫీజ్‌పేటలో లోకల్ రైలెక్కి కూర్చోగానే ఫోన్ తీశాను. నేను ఎదురుచూస్తున్న కొత్త గేమ్ కన్సోల్ ఏ దేశంలో ఎప్పుడు విడుదలవుతుందో, ధర ఎంతో ఆ ఉదయమే ప్రకటించారు. అమెరికా, జపాన్, యూరప్ పేర్లున్నాయి. మన పేరు లేదు.

పక్కన కూర్చున్నామె నా ఫోన్‌లోకి తొంగిచూసింది. ముప్పై ఏళ్లుంటాయేమో. కుడి మణికట్టుకు పట్టీ ఉంది.

"మన దగ్గరికి ఎప్పుడొస్తదంట అన్నా?"

"చెప్పలేదండీ. వచ్చినా ఇక్కడ ధర ఎక్కువే ఉంటుందట."

ఆమె చిన్నగా నవ్వింది. "దాంతోని ఒక ఆట ఇస్తున్నరు చూడు, దాన్ల తప్పులు పట్టే పని మాదే. ఈడనే, హైటెక్ సిటీల. రెండేండ్లు పొద్దంతా అదే ఆడినం."

"చెయ్యి దానివల్లేనా?"

"ఆఁ. నొస్తుందంటే జర రెస్ట్ తీస్కొమ్మన్నరు. ఇగ మళ్ల పిలవలే. ఇయ్యాల ఐడీ కార్డు వాపస్ ఇయ్యనీకి పోతున్న. నువ్వు చేసిన ఆట మనమెప్పుడు కొంటం అని మా బిడ్డ రోజూ అడుగుతది."

హైటెక్ సిటీ స్టేషన్ వచ్చింది. లేస్తూ కుడిచేత్తో కడ్డీ అందుకోబోయి, ఆగి, ఎడమచేత్తో పట్టుకుని దిగిపోయింది.

కన్సోల్ ఇక్కడికి చాలా ఆలస్యంగా వచ్చింది. ధర చూసి గొణుక్కుంటూనే కొన్నాను. ఆ ఆట పూర్తయ్యాక, దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు తెరమీద చాలాసేపు వచ్చాయి. ఆమె పేరు నాకు తెలియదు. హైదరాబాద్ అన్న మాటైనా కనిపిస్తుందేమోనని చివరిదాకా చూశాను. లేదు.