పెదవి ఆనించి తాగిన నీళ్ళు

క్షయ తగ్గిపోయిందని డాక్టరు చెప్పాక కూడా ఇంట్లో నా లోటా వేరుగానే ఉండేది. కృష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆ లోటా నా ఒడిలో ఉంది. నా పాప బెంచీ అవతలి చివర అత్తయ్య ఒడిలో ఉంది.

మా మధ్య ఉన్న ఖాళీలో ఒకామె వచ్చి కూర్చుంది. సన్నటి మనిషి, భుజాన గుడ్డసంచి.

“రవన్ని నీళ్ళియ్యమ్మా,” అని నన్నడిగింది.

నేను తటపటాయిస్తుంటే అత్తయ్య అందుకుంది. “ఆ లోటాతో వద్దమ్మా! మా కోడలికి క్షయ వచ్చి పోయిండాది.”

“నాకూ వచ్చి పోయిందమ్మా. టీచరుగా ఉండినాను. నయమైనాక బడిలోకి రానీలేదు. ఇప్పుడు బేరిగై పక్క ఊర్లలో ఇట్లా జబ్బు చేసినోళ్ళ ఇండ్లకు పోతా ఉండాను. యాడికి పోయినా వాళ్ళ లోటాతోనే నీళ్ళడిగి తాగేది.”

మా వైపు ఎవరైనా లోటా ఎత్తి నోట్లో పోసుకుంటారు. ఆమె మాత్రం నా ఒడిలోని లోటా అందుకుని, అంచుకు పెదవి ఆనించి, అత్తయ్య చూస్తుండగా చివరి గుక్క దాకా తాగింది.

“నీకు బిడ్డలుండారా?” అంది అత్తయ్య.

“ఒక కొడుకమ్మా. జబ్బని నా దగ్గరికి రానీకుండా పెంచినారు. నన్ను ఎరగడు.”

ఆ రోజు అత్తయ్య పాపను నాకివ్వలేదు. ఇంటికొచ్చాక మాత్రం నా లోటాను అందరి గిన్నెలతో కలిపి తోమింది. వారం తిరక్కుండా పాపను తెచ్చి నా ఒడిలో పెట్టింది.

పాప ఏడ్చి, అత్తయ్య వైపే చేతులు చాచింది. ఇప్పటికీ అత్తయ్య పక్కనే పడుకుంటుంది. నిద్రలో లేచి నీళ్ళడుగుతుందేమోనని, నా లోటా నింపి దగ్గర పెట్టుకుని ఇది రాస్తున్నాను.