అటు తిరిగి నిలబడిన దాదీ

చనిపోయినవాళ్ళు కనిపిస్తారని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో ఎయిర్‌పోర్ట్ పక్కనుండే లంబాలైన్. మా అమ్మీ ముప్పై ఏళ్ళు మా వరండాలోనే చిన్నపిల్లలకు వజూ నేర్పింది. వజూ అంటే నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కునే పద్ధతి. చెయ్యైనా కాలైనా ముందు కుడిదే కడగాలి. అమ్మీ ఎప్పుడూ పిల్లలకు వీపు పెట్టి నిలబడి చేసి చూపించేది. ఎందుకని నేను అడగలేదు.

ఆమె పోయాక క్లాసు నా మీద పడింది. కొత్తగా చేరిన పిల్లలు వానలకు మొదటి రోజు నుంచే రాలేకపోతుంటే, నేనే వజూ చేస్తూ ఫోన్లో వీడియో తీసి వాళ్ళ ఇళ్ళకు పంపాను. విమానాల మోతలో నా మాట వినబడటం లేదని సౌండ్ తీసేశాను.

మసీదు కమిటీలో పెద్దాయన హాజీ సాబ్‌కు ఈ ఫోన్ చదువు గిట్టలేదు. ఒక ఆదివారం పొద్దున్నే పరీక్ష పెడతానని వచ్చారు.

"ఏక్ భీ గల్తీ ఉంటే క్లాస్ బంద్ చేసేద్దాం బేటీ," అన్నారు.

ఆయనకు చూపిద్దామని టీవీలో వీడియో పెట్టాను. అప్పుడు తెలిసింది నా తెలివితక్కువతనం. కెమెరాకు ఎదురుగా నిలబడి తీశాను. నా కుడి చెయ్యి తెర మీద ఎడమ పక్కన ఉంది. చిన్నపిల్లలు అద్దంలో చూసినట్టే చేస్తారు, ఎడమతో మొదలుపెడతారు. అమ్మీ క్లాసు నా చేతుల్లో మూతపడుతుందనుకున్నాను. పిల్లలు అప్పటికే నల్లా దగ్గర వరుసలో నిలబడ్డారు.

పదకొండు మంది. ఒక్కొక్కరే కడిగారు. అందరూ కుడే ముందు.

హాజీ సాబ్ మాషా అల్లాహ్ అని, రెండు కప్పులు టీ తాగి వెళ్ళారు. నేను వంటింట్లోకి వెళ్ళి హాయిగా ఏడ్చాను.

తర్వాత డిగ్నాబాద్ నుంచి వచ్చే ఆరేళ్ళ పిల్లను పిలిచి, కుడి అని ఎలా తెలిసిందని అడిగాను.

"దాదీని చూసి చేశాం కదా ఆపా. వీడియోలో మీ ముందు అటు తిరిగి నిలబడింది, వో దాదీ," అంది. ముసలావిడ ఎవరైనా ఈ పిల్లలకు దాదీయే, అంటే నానమ్మ.

ముఖం చూశావా అన్నాను.

"అటు తిరిగుంటే కైసే దిఖేగా ఆపా?"

సిప్పీఘాట్ నుంచి వచ్చే అక్కాచెల్లెళ్ళను విడిగా అడిగితే వాళ్ళూ అదే చెప్పారు. వీళ్ళంతా అమ్మీ పోయాక చేరిన పిల్లలు. ఆమె ఎలా నేర్పేదో వాళ్ళకు తెలియదు.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నేను, నల్లా, నీలం బకెట్టు, అంతే. భయం మాత్రం వెయ్యలేదు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటి నిండా నిద్రపోయాను.

ఇదేమిటో నేను చెప్పలేను. సరిగ్గా మళ్ళీ తియ్యమని మా ఆయన అంటూనే ఉన్నారు. తియ్యలేదు. కొత్తగా చేరే పిల్లలకు ఇప్పటికీ ఆ తప్పు వీడియోనే పంపుతున్నాను.