చెప్పని ఎనిమిది నెలలు

పదమూడున్నరేళ్ళ వయసులో నేను పెద్దమనిషినయ్యాను. ఆ సంగతి మా అమ్మకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. సింగపూర్ శివారు చోవా చూ కాంగ్‌లో, పదకొండో అంతస్తులోని చిన్న ఫ్లాట్‌లో, అమ్మతో ఒకే బాత్‌రూమ్ వాడుకుంటూ అన్నాళ్ళు ఎలా దాచానని తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు. కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని.

కంప్యూటరు తెలిసిన ప్రతివాడినీ ఏదో ఒక దేశం రమ్మని పిలిచిన రోజులవి. నాన్న ఒక బ్యాంకు కోసం ప్రోగ్రాములు రాసేవారు. రెండు వేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో తేదీలన్నీ సరిచేయాలట. ఆ తేదీల గొడవలో పడి ఆయన మా క్యాలెండర్ వైపే చూడడం మానేశారు. ఇంట్లో మిగిలింది అమ్మా, నేనూ. అమ్మకు ఇంగ్లీషు అంతంత మాత్రం, ఉద్యోగం లేదు, చుట్టుపక్కల తెలుగువాళ్ళు తక్కువ. దాంతో ఆమె చూపంతా నా మీదే ఉండేది.

నా ఒళ్ళేమో నా మాట వినడం మానేసింది. ఒక్క ఏడాదిలో యూనిఫారం స్కర్టు పొట్టిదైపోయింది. కొన్న రెండు నెలలకే బూట్లు బిగుసుకుపోయేవి. సాయంత్రమయ్యేసరికి పిక్కలు లాగేవి. నా చెమట వాసన నాకే కొత్తగా తగిలి స్కూల్లో చేతులు దగ్గరగా పెట్టుకుని కూర్చునేదాన్ని. నుదుటి మీద మొటిమలు. ఏ మాటన్నా ఒంటికాలి మీద లేవడం. "ఏవైందే నీకు?" అని అమ్మ అడిగితే "నథింగ్ లా!" అని అక్కడి పిల్లల యాసలో అరిచేదాన్ని. ఏమైందో నాకు తెలిస్తేగా చెప్పడానికి.

తెలియదని కూడా అనలేను. మా సైన్స్ టీచర్ బోర్డు మీద బొమ్మలు గీసి అంతా చెప్పింది. మెదడు అడుగున బఠానీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. దానికి బుద్ధి పుట్టినప్పుడు అది పంపే హార్మోన్లు రక్తంలో కలిసి వెళ్ళి అండాశయాలను నిద్రలేపుతాయట. ఆడపిల్లల్లో సాధారణంగా రొమ్ములు ముందు మొదలవుతాయి, తర్వాత గబగబా పొడుగు పెరుగుతారు, ఆ పెరుగుదల నెమ్మదించే వేళకి నెలసరి వస్తుంది. ఎముకల కొసల్లో మెత్తటి పొర ఉన్నంతకాలమే ఎదుగుదల, అది గట్టిపడితే ఆఖరు. మగపిల్లలు ముసిముసిగా నవ్వారు. నేను మాత్రం శ్రద్ధగా రాసుకున్నాను. ఇంత వివరంగా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో దానికి పేరే లేదు, "అది" అనేవాళ్ళు, అంతే.

నేను దాచడానికి కారణం ఊరికి మరో వైపున్న హౌగాంగ్‌లో జరిగిన ఒక ఫంక్షన్. నాన్నతో పనిచేసే అంకుల్ వాళ్ళమ్మాయి నాకంటే ఆరు నెలలు పెద్దది, నాకు స్నేహితురాలు. తను పెద్దమనిషైతే వాళ్ళ బ్లాకు కింద అందరూ నడిచే ఖాళీ జాగాలో కుర్చీలు వేసి వేడుక చేశారు. పట్టులంగా ఓణీ కట్టి, మెడ నిండా పూలదండలేసి కూర్చోబెట్టారు. ఆంటీలు హారతి పాట పాడారు, నోట్లో చిమ్మిలి కుక్కారు. ఆఫీసు అంకుల్స్ వరసగా వచ్చి అక్షింతలు వేశారు. వీడియో కెమెరా మొహం మీదికి వచ్చింది. లిఫ్టు కోసం వచ్చిన వాళ్ళంతా ఆగి చూస్తున్నారు. వాళ్ళలో తన క్లాసులో చదివే చైనీస్ కుర్రాడొకడు సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"వా, యువర్ బర్త్‌డే ఆ?" అన్నాడు.

"యా, బర్త్‌డే," అంది నా స్నేహితురాలు, తలెత్తకుండా.

ఆ గొంతు వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ఒంట్లో జరిగినదానికి ఇంతమంది మగవాళ్ళు వచ్చి అక్షింతలు వేయడమేమిటి? ఇంటికి వచ్చేటప్పుడు ట్రైన్‌లో అమ్మ, "మనం ఇంతకంటే బాగా చేద్దాం. హాలు తీసుకుందాం," అంది మురిసిపోతూ. చచ్చినా చెప్పకూడదని నేను ఆ ట్రైన్‌లోనే నిర్ణయించుకున్నాను.

రెండు వారాలకే, స్కూల్లో లెక్కల క్లాసు మధ్యలో, వచ్చింది. టాయిలెట్‌లో తలుపు గడియ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. స్కూలు వాళ్ళు అంతకుముందే పంచిన శాంపిల్ ప్యాకెట్ బ్యాగులో ఉంది. దాని మీద బొమ్మలు చూసి నేర్చుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఎందుకో తెలియలేదు. మొహం కడుక్కుని వచ్చి మిగిలిన లెక్కలు చేశాను, అన్నీ తప్పులే.

ఆ తర్వాత దాచడమే ఒక ఉద్యోగమైంది. ప్రతి ఫ్లాట్ వంటింట్లోనూ చెత్త వేసే గొట్టం ఉంటుంది, మూత తీసి వదిలితే కింది దాకా పోతుంది. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు పేపర్లో చుట్టి అందులో వేసి, అది గోడలకు కొట్టుకుంటూ కిందపడే చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. ఆ పేపరు కూడా ముందురోజుదే తీసేదాన్ని, నాన్న చదవనిది మాయమైతే అడుగుతారని.

అసలు చిక్కు అది కాదు. అమ్మ ఆ మూడు రోజులూ దేవుడి అర దగ్గరికి వెళ్ళేది కాదు, ఆవకాయ జాడీ ముట్టుకునేది కాదు. "నువ్వింకా చిన్నపిల్లవి, నీకేం పట్టింపు లేదు. దీపం పెట్టి, కాస్త ఆవకాయ తీసి గిన్నెలో వెయ్యి," అనేది నాతో. మొదటి రెండు నెలలు పర్వాలేదు. మూడో నెల ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. దూరంగా తలుపు దగ్గర నిలబడి అమ్మ, "వత్తి కొంచెం పైకి లాగవే," అని చెబుతోంది. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. దేవుడు ఏమీ అనలేదు. ఇక ఆవకాయ. ఊరి నుంచి డబ్బాల్లో వచ్చిన ఆవకాయ అది, మళ్ళీ వేసవి దాకా అదే గతి. నేను చెయ్యి పెడితే బూజు పడుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. స్కూలు నుంచి రాగానే మూత తీసి చూసేదాన్ని. వారమంతా చూశాను. బూజు లేదు, నూనె అలాగే తేలుతోంది. నాకు ధైర్యమూ వచ్చింది, కోపమూ వచ్చింది.

ఇటు అమ్మకేమో కంగారు మొదలైంది. పొద్దునొక నువ్వుల ఉండ, సాయంత్రం మరొకటి. మార్కెట్ నుంచి బొప్పాయిలు. "ఒంట్లో వేడి చెయ్యాలి," అనేది. ఒంట్లో ఉన్న వేడి చాలక ఇంకానా అని నేను విసుక్కునేదాన్ని. స్నేహితురాళ్ళంతా పెద్దమనుషులైపోయారని, నేనొక్కదాన్నే మిగిలిపోయానని ఎవరో ఒక ఆంటీ ఫోన్లో గుర్తుచేస్తూనే ఉండేది. ఫోన్ పెట్టేశాక అమ్మ నన్ను తల నుంచి పాదాల దాకా చూసేది.

ఆరో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను హాల్లో హోంవర్క్ చేస్తున్నాను. వంటింట్లో అమ్మ నాన్నతో నెమ్మదిగా మాట్లాడుతోంది.

"దీనికీ మా చెల్లిలాగే అవుతుందేమోనండీ. పదిహేనొచ్చినా దానికి కాలేదు. పద్దెనిమిదొచ్చినా కాలేదు. పేరంటాలకి పిలవడం మానేశారు. అది గడప దాటడం మానేసింది. దాన్ని చూసిన కళ్ళతో పిల్లని కూడా అలా చూడలేనండీ."

"డాక్టరుకి చూపిద్దాంలే," అన్నారు నాన్న.

నా పెన్ను ఆగిపోయింది. పిన్ని అంటే నాకు సెలవులకు వెళ్ళినప్పుడు జాకెట్లు కుడుతూ కనిపించే మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదో నేనెప్పుడూ అడగలేదు. లేచి నాలుగడుగులు వేసి వంటింట్లోకి వెళ్ళి ఒక్క మాట చెబితే అమ్మ భయం అక్కడికక్కడే పోయేది. నేను లేవలేదు. ఆరు నెలలు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి? పైగా, భయం తీరిన సంబరంలో అమ్మ సింగపూర్ మొత్తాన్నీ ఫంక్షన్‌కి పిలుస్తుందనిపించింది. పుస్తకం మూసి లిఫ్టులో కిందికి దిగి, బ్లాకు చుట్టూ ఊరికే తిరిగాను. ఇంటికొచ్చాక అమ్మ ఇచ్చిన నువ్వుల ఉండ కిక్కురుమనకుండా తిన్నాను.

ఆ తర్వాత మరో రెండు నెలలు కూడా చెప్పలేదు. రాత్రి కలలు పగలు గుర్తొచ్చేవి, చదివింది ఎక్కేది కాదు, అమ్మ పక్కన కూర్చుంటే ఏదో వంకతో లేచిపోయేదాన్ని. ఆమె చిక్కిపోతోందని నాకు కనిపిస్తూనే ఉంది.

చివరికి అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చైనీస్ డాక్టరు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పద్నాలుగేళ్ళే కదా, ఇంకో ఏడాది ఆగొచ్చని నచ్చజెప్పింది. అమ్మ తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడదీసుకుని, "మై సిస్టర్ నెవర్. నెవర్ కమ్," అంది. ఆ మాటతో డాక్టరు నా ఎడమచేతికి ఎక్స్‌రే తీయించింది. చేతి ఎముకలు చూస్తే ఒళ్ళు ఎంతవరకు ఎదిగిందో తెలుస్తుందట. ఫిల్మ్ రాగానే అమ్మను కాసేపు బయట కూర్చోమంది.

తెల్లటి లైటు మీద నా చెయ్యి, వేళ్ళ ఎముకలు విడివిడిగా. డాక్టరు పెన్నుతో వేళ్ళ చివర్లు చూపించింది.

"ఇక్కడ సందులు పూడుకుపోయాయి. ఎక్కువమందికి నెలసరి వచ్చాకే ఇవి ఇలా పూడతాయి. నాతో చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

ఎనిమిది నెలలు నోరు కట్టేసుకున్నాను గానీ, ఎముకలు నోరు విప్పుతాయని అనుకోలేదు. చెప్పేశాను. డాక్టరు కోప్పడలేదు.

"మీ అమ్మకు నేను చెప్పను. కానీ ఆమె స్కానింగులూ రక్తపరీక్షలూ చేయించమంటుంది. అవి తేలేదాకా భయపడుతూనే ఉంటుంది. ఆలోచించుకో," అంది.

బయట అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మా, టెస్టులేం వద్దు. నాకు అయింది."

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఇప్పుడా? లోపలా?"

"ఇప్పుడు కాదు. ఎనిమిది నెలలైంది."

చెంప మీద ఒకటి పడుతుందనుకున్నాను. దీపం గురించి, జాడీ గురించి అడుగుతుందనుకున్నాను. అవేవీ జరగలేదు. ఎక్కడో చూస్తూ అడిగింది.

"మొదటిసారి ఎక్కడున్నావే?"

"స్కూల్లో."

"పక్కనెవరున్నారు?"

"ఎవరూ లేరు. టాయిలెట్లో ఉన్నా."

"కడుపులో నొప్పొచ్చేదా?"

"కొంచెం."

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఫంక్షన్ చేస్తావని."

"వద్దంటే మానేసేదాన్ని కదే," అంది. మానేసేదో లేదో నాకు తెలియదు. ఫంక్షనైతే చెయ్యలేదు. అప్పుడు మాత్రం పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నా వీపు మీద చెయ్యి వేసి, పక్కనున్న వాళ్ళను పట్టించుకోకుండా పిన్ని కథంతా చెప్పింది, నేను అంతకుముందే విన్న కథ. చెప్పి, కళ్ళు తుడుచుకుని, నన్ను దగ్గరికి తీసుకుంది.

"పాపం, నీకేం తెలుసు. నేనింత భయపడుతున్నానని తెలిస్తే దాచేదానివా?"

"దాచేదాన్ని కాదమ్మా," అన్నాను.

ఆమె నమ్మింది. ఇప్పటికీ నమ్ముతూనే ఉంది.