దిష్టి తగలని ఇంగ్లీషు

నాకు కోపం జల్ది వస్తది. ఇంట్ల అందరు అంటరు, నేను సుత కాదనను. ఖానాపూర్ బడిల మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు మొదలువెట్టింది కూడా ఆ కోపంతోనే.

అప్పట్ల మా దిక్కు ఇంగ్లీషు పెద్ద తరగతులల్లనే ఉండె. నేను చదివింది ఉర్దూల. ఇంగ్లీషు మొఖం చూసేయాళ్ళకు పెద్దపిల్లనైన, మెట్రిక్‌ల రెండుసార్లు అండ్లనే తప్పిన. ధర్మపురిల మా బాపు నన్ను ఒక్క మాట అనలే. వాడకట్టు ఆడోళ్ళు మాత్రం "ఆడపిల్లకు ఇంగ్లీషెందుకు, ఇగ చాలు తియ్యి" అన్నరు. ఆ "తియ్యి" నాకు ఇప్పటికీ కడుపుల మండుతది. మూడోసారి పాసై, టీచరమ్మనై ఖానాపూర్ వచ్చినంక పెద్దసారును అడిగిన: "సార్, చిన్నపిల్లలకు రోజూ ఒక్క గంట నాకియ్యుండ్రి. ఇంగ్లీషు చెప్త."

ఆయన నెత్తి గోక్కున్నడు. "ఇస్త గానీ టీచరమ్మా, డిప్టీ సాబ్ తనిఖీకి వచ్చేదాకనే. ఆయన వద్దంటే ఆ గంట బంద్. మళ్ళ నన్ను సతాయించద్దు." బడులు తనిఖీ చేసే ఇన్స్పెక్టర్‌ను మేం డిప్టీ సాబ్ అనేటోళ్ళం.

పెద్ద తరగతి పుస్తకం తెచ్చి తెరిస్తే మొదటి పేజీలనే ఆపిల్ పండు. ఆపిల్‌ను నేనే చూడలే, పిల్లలకేం చెప్త? పుస్తకం మూసిపెట్టి, "మీ ఇంట్ల ఏమేం జీవాలున్నయిరా?" అని అడిగిన. అప్పుడు చూడాలె వాళ్ళను! అప్పటిదాకా నోరు తెరవనోళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చెప్పిండ్రు. ఆవు, బర్రె, మేక, గొర్రె, కోడి, చాకలోళ్ళ పిలగాని ఇంట్ల గాడిద.

ఒక్కొక్కళ్ళు ఒక్క జీవాన్ని పట్టుకోవాలె అన్న. రెండు నెలలు దాన్నే చూడాలె. ఏం తింటది, ఎట్ల పంటది, నీళ్ళెట్ల తాగుతది. పలక మీద దాని బొమ్మ గీసిండ్రు, చెరువు మట్టితోని చేసిండ్రు, గోడ మీద బొగ్గుతోని దాని పేరు ఇంగ్లీషుల రాసిండ్రు. వాళ్ళు కండ్లార చూసినదానికే మాట నేర్పిన, చూడనిదాని జోలికి పోలే. ఇప్పుడు దీన్ని ప్రాజెక్టు అంటున్నరట. నాకు అప్పుడు పేరు తెల్వది, పని తెలుసు.

ఒకనాడు బోర్డు మీద ఆవు మొఖం గీసి నోట్ల పైన, కింద పండ్లు పెట్టిన. తరగతంత పకపక నవ్వింది. "ఆవుకు పైన ముందటి పండ్లు ఉండయి టీచరమ్మా!" నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఒకరి కొట్టానికి పోయి ఆవు మూతి తెరిచి చూసిన. నిజమే! తెల్లారి అందరితోని "కౌ హాజ్ నో టాప్ టీత్" అనిపిచ్చిన. ఆ ముక్క ఏ పుస్తకంల లేదు, మా పిల్లలు పుట్టిచ్చింది.

అందరిల చురుకైంది మేకలు కాసే ఒక పిల్ల. పొద్దుగాల మేకలను తోలుకపోయి, గంట కొట్టేయాళ్ళకు బడికి ఉరికొచ్చేది. పావడకు పల్లేరుకాయలు అట్లనే అంటుకోని ఉండేవి. ఆమెకొక నల్ల మేక. "మై గోట్ ఈజ్ ఫ్యాట్. వెరీ గుడ్ మిల్క్" అని గడగడ చెప్పేది. ఫ్యాట్ అంటే లావు, థిన్ అంటే బక్క, గుడ్, బ్యాడ్, అన్నీ జీవాలను చూపిచ్చే నేర్పిన.

డిప్టీ సాబ్ వచ్చే రోజు జీవాలను బడికి తోలుకరమ్మన్న. అబ్బబ్బ, ఏం లొల్లి! మేకల అరుపులు, బర్రెల పేడ, కోడిని పట్టుకోబోయి ఇద్దరు పడ్డరు. పెద్దసారు పరేషాన్. గోడ పొంటి తల్లులందరు వచ్చి నిలబడ్డరు. డిప్టీ సాబ్ జీపు దిగి దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నడు.

నేను ధీమాగ మేకల పిల్లను ముందుకు పిలిచిన. నల్ల మేక నున్నగ మెరుస్తున్నది, పొదుగు నిండుగున్నది. "చెప్పు బిడ్డా" అన్న.

"మై గోట్ ఈజ్ థిన్. మై గోట్ ఈజ్ బ్యాడ్. నో మిల్క్."

నేను గబగబ బర్రె పిలగాన్ని పిలిచిన. వెనక బర్రె గుట్టోలె నిలబడ్డది. "మై బఫెలో ఈజ్ థిన్" అన్నడు వాడు. మూడోవాడు సుత అదే పాట.

డిప్టీ సాబ్ నా దిక్కు తిరిగిండు. "ఏమమ్మా, బర్రె గింత లావున్నది, పిలగాడు బక్కదంటుండు. అర్థం తెల్వకుంట బట్టీ పట్టిచ్చిండ్రు. గింత చిన్నోళ్ళకు ఇంగ్లీషెందుకు, తియ్యుండ్రి."

మళ్ళ అదే మాట! నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, కోపం నెత్తికెక్కింది. పాపం, ఆ కోపమంత మేకల పిల్ల మీద వెళ్ళగక్కిన. "ఏమైందే నీకు? రెండు నెలలు నేర్పింది గిదేనా?"

పిల్ల గోడ దిక్కు, వాళ్ళవ్వ దిక్కు చూసింది. చప్పుడు చెయ్యకుంట డిప్టీ సాబ్ దగ్గరికి పోయి అంగీ పట్టి గుంజింది. ఆయన వంగిండు. నోటికి చెయ్యి అడ్డం పెట్టి చెవుల చెప్పింది. పక్కనే ఉన్న కాబట్టి నాకు వినొచ్చింది. "సార్, మై గోట్ ఈజ్ ఫ్యాట్. వెరీ గుడ్ మిల్క్. డోంట్ టెల్." ఎనకనే తెలుగుల, "గట్టిగంటే దిష్టి తగులుతది సార్. అవ్వ కొడుతది."

ఓరి దేవుడా, నాకెందుకు తట్టలే! పదిమంది ముందు మన జీవం మంచిగున్నదని మనమే అంటమా? మంచిగున్నదని అనద్దని ముందురోజే ఇంటింట్ల తల్లులు గట్టిగ చెప్పి ఉంటరు. నేనేమో పంతులమ్మనై ఇంటి సంగతే మర్చిపోయిన.

ఇగ నేను ఆగలే. "సార్, బట్టీ పట్టినోళ్ళైతే నేను నేర్పిందే చెప్పేటోళ్ళు. ఫ్యాట్ అని నేర్పిన, థిన్ అని మలిపింది వాళ్ళే. అర్థం తెల్వకుంటే ఎట్ల మలుపుతరు? డోంట్ టెల్ అని నేను నేర్పనే లేదు. 'డోంట్ రన్' అని, 'టెల్ మీ' అని రోజూ ఒర్రుత. రెండింటిని అతికిచ్చింది ఈ పిల్లనే!"

ఆయన దస్తీ జేబుల పెట్టుకోని, బర్రె పిలగాని ముందు గొంతుకూసోని చెవి అందిచ్చిండు. వాడు గుసగుసగ ఏందో చెప్పిండు. ఇగ చూడు, పిల్లలందరు లైను కట్టిండ్రు. ఆఖరుకు కోడిని పట్టుకున్న పిల్లదాకా ఒక్కొక్కళ్ళ గుట్టు ఇంగ్లీషుల విన్నడు. తల్లులకేమో సంగతి తెల్వక ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకుంటున్నరు. నా పిల్లలను చూసి నాకు ఛాతి ఉప్పొంగింది.

పోయేముందు రిజిస్టర్ల రాసిండు. నేను ఉరికిపోయి చదివిన. "మూడో తరగతి ఇంగ్లీషు సామాన్యం. గంట కొనసాగించవచ్చును."

"సామాన్యమా సార్?" అన్న, ఉండబట్టక.

ఆయన జీపు ఎక్కుకుంట, నోటికి చెయ్యి అడ్డం పెట్టి మెల్లగ అన్నడు: "దిష్టి తగులద్దు కద టీచరమ్మా."

నేను ఖానాపూర్‌ల ఉన్నన్నొద్దులు ఆ గంట బంద్ కాలే. ఆ పిల్లలు ఎట్లుండెనని ఎవలడిగినా, "ఏదో, సామాన్యం" అనే చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు ముసలిదాన్నైన, ఇగ దాచేదేమున్నది? బంగారమసొంటి పిల్లలు. అసొంటోళ్ళు నాకు మళ్ళ దొరకలే. గిట్ల గట్టిగన్నందుకు వాళ్ళకు దిష్టి తగిలితే, మిరపకాయలు తిప్పేటందుకు నేనింకా ఉన్న.