అడుగంటిన పప్పు

మొన్న మధ్యాహ్నం భవానీపురంలో మా మేడ మెట్లెక్కుతుంటే కింది వాటాలోంచి మాడిన కందిపప్పు వాసన వచ్చింది. ఎవరో పాపం ఫోన్లో మాట్లాడుతూ పొయ్యి సంగతి మర్చిపోయి ఉంటారు. నాకు నవ్వు రావాలి గానీ మెట్ల మీదే ఆగిపోయాను. పెళ్లివంటల్లో ఇన్నేళ్లు గడిపి, ఇప్పుడు పాతికమందిని పెట్టుకుని వండిస్తున్నా, ఆ వాసన తగిలితే నేనింకా రత్నమ్మగారి ముందు నిలబడ్డ మనిషినే.

రత్నమ్మగారిని మీరెరగరు. గవర్నర్‌పేటలో ఒక ఇరుకు వాటాలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకునేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆవిడ దగ్గర చేరాక మూడేళ్లు నాచేత కూరగాయలే తరిగించారు. విసుగొచ్చి అడిగితే "తొందరపడకు విమలా, పొయ్యి ఎక్కడికీ పోదు" అన్నారు. చివరికి ఉయ్యూరు దగ్గర ఒక పెళ్లిలో అయిదొందల మందికి మామిడికాయ పప్పు నాకు అప్పజెప్పారు.

కొంగు బిగించి మరీ పొయ్యి దగ్గర నిలబడ్డాను. బుద్ధి ఊరుకోదుగా, పెళ్లికూతుర్ని ఒక్కసారి చూసొద్దామని పందిట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గుండిగ అడుగున పప్పు పట్టేసింది. అప్పటికి వాసన సన్నగానే ఉంది. ఎవరూ చూడకముందే సర్దేద్దామని తెడ్డు తీసుకుని అడుగుదాకా గబగబా కలిపేశాను. దాంతో మాడంతా పైకి లేచి గుండిగెడు పప్పూ పాడైంది. అవతల మొదటి బంతికి అరిటాకులు వేస్తున్నారు. నా పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

రత్నమ్మగారు వచ్చి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూశారు.

"అడుగంటిందని తెలిసే కలిపావా?"

"తెలిసేనండీ." ఎందుకో ఆవిడ ముందు అబద్ధం నోట్లోంచి రాలేదు.

"అడుగంటితే కదపకూడదే పిచ్చిదానా! నాకో కేక వేస్తే పైది పైనే తీసుకునేవాళ్లం కదే!"

అంతే. తిన్నగా పెళ్లికూతురి తండ్రి దగ్గరికి నడిచారు. ఇక నాకు ఈ వంటశాలలో నూకలు చెల్లాయనుకుంటూ వెళ్లి ఆవిడ వెనకే నిలబడ్డాను.

"అన్నయ్యగారండీ, నా వల్ల పప్పు చెడిందండీ. మళ్లీ వండిస్తున్నాను. ఒక్క గంట ఓపిక పట్టాలండీ."

ఆయన నలుగురిలో నానా మాటలూ అన్నారు. "పేరు విని పిలిస్తే, వియ్యాలవారి ముందు పరువు తీశావు కదమ్మా!" అన్నారు. ఆవిడ తలొంచుకుని అన్నీ విన్నారు. నా పేరు చెప్పలేదు, వెనక్కి తిరగనైనా లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

తిరిగొచ్చాక కొత్త గుండిగ నా ముందే పెట్టించారు.

"నా వల్ల కాదండీ. మీరే వండండి."

"నేనెందుకు? అది ఎప్పుడు అడుగంటుతుందో ఇక్కడున్న అందరిలో ఇవాళ నీకే బాగా తెలుసు. ఎక్కించు."

పప్పు కుదిరింది. అయినా ఆ ఇంటివాళ్లు ఆవిడను మళ్లీ పిలవలేదు. ఆ మాట ఆవిడ నాతో ఒక్కసారీ అనలేదు. తన పరువు తీసినదాని చేతికే, ఆ పూటే, మళ్లీ తన పరువు అప్పజెప్పిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

నేను ఆవిడంత దాన్ని కాను. మావాళ్లు ఏదైనా పాడుచేస్తే ముందు అరిచేస్తాను, నా నోరు అలాంటిది. కానీ పెళ్లివారి దగ్గరికి మాత్రం నేనే వెళతాను. "నా వల్ల" అనే మొదలుపెడతాను. ఆ రెండు మాటలు గొంతు దాటేసరికి ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. ఆవిడకూ పట్టాయేమో. ఆ రోజు నాకు ఆవిడ వీపే కనిపించింది.