ఏ ఊరో తెలియని మనిషి

చిలకలూరిపేటలో తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగ్ జరుగుతుందని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను అడిగింది ఒక్కటే: "మా వైపువాళ్ళు ఎవరైనా వస్తారాండీ?" మాది పర్చూరు పక్కన ఊరు. పురుగు మందుల షాపులో పని నాది. పత్తి, మిరప వేసే రైతుల్లో నన్నెరగనివాళ్ళు తక్కువ. తాగుతానని అందరికీ తెలుసు. మానాలనుకుంటున్నానని మాత్రం తెలియకూడదు. మానలేకపోతే నవ్వుతారు కదా. అదీ నా తెలివి.

ఇంట్లో మాటల్లేవు. మా ఆవిడ అన్నం పెట్టేది, నేను తినేవాణ్ణి. పిల్లల్ని తీసుకుని ముందు గదిలో పడుకునేది. ఆవిడ తిట్టినన్నాళ్ళూ ఇల్లు ఇల్లులాగే ఉందని, ఆ తిట్లు ఆగిపోయాకే తెలిసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కాను. మీటింగ్ ఒక చర్చి ఆవరణలో. గేటు దాటగానే కనిపించిన హాల్లో కొంతమంది చాపల మీద కూర్చుని ఉంటే, వెళ్ళి చివర్న కూర్చున్నాను. పాట అందుకున్నారు. మీటింగులో పాటలు కూడా ఉంటాయి కాబోలు అనుకున్నాను. నేను పెరిగిందే చర్చి పాటల్లో, వింతగా అనిపించలేదు. పాట అయ్యాక పాస్టరుగారు, "కొత్తగా వచ్చిన సహోదరుడు సాక్ష్యం చెప్పాలి" అన్నారు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాట ఉంది కదా, లేచి అనేశాను.

"నేను తాగుబోతునండి."

"స్తోత్రం!" అన్నారందరూ. ముందు వరసలో ముసలమ్మ ఒకావిడ చప్పట్లు కొట్టింది. నేను నిలబడే ఉన్నాను, వాళ్ళు చూస్తూనే ఉన్నారు. మా సాక్ష్యాలకి ఒక వరస ఉంటుంది. ముందు పాపం, తర్వాత విడుదల. మొదటి సగం చెప్పి ఊరుకునేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

"దేవుడు ఎప్పుడు విడిపించాడు నాయనా?" పాస్టరుగారే అందించారు.

"ఇంకా లేదండి. నిన్న కూడా తాగాను."

చప్పట్లు కొట్టినావిడ చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. కిటికీ బయట ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆ దగ్గినాయనే, తల నెరిసిన మనిషి, గుమ్మంలోకొచ్చి, పాస్టరుగారికి వందనాలు చెప్పి, "ఈయన మా మనిషండి, గది పొరబడ్డాడు" అంటూ నా చెయ్యి పట్టుకుని వెనక సైకిల్ స్టాండు పక్క గదికి తీసుకెళ్ళాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా "మా మనిషి" అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. నన్ను అలా అని ఎన్నేళ్ళయిందో.

ఆ గదిలో సగం సాక్ష్యం చాలు. నిన్న తాగానన్నా ఎవరూ తల తిప్పుకోరు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు అని అడగరు, అక్కడి పద్ధతే అది. మా వైపు మనిషికి మనిషి కనబడితే మొదలయ్యేదే వాటితో. బస్సులో పక్క సీటువాడు మన వియ్యపురాలి పుట్టింటి దాకా వెళ్ళొస్తాడు. అడగనివాళ్ళు దొరికేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

ప్రతి ఆదివారం మీటింగ్ అయ్యాక, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన ఆయనా నేనూ బస్టాండు దగ్గర టీ తాగేవాళ్ళం. కూతురి పెళ్ళిలో తాగి పందిట్లో పడిపోయిన సంగతి ఆయన చెప్పాడు. మా ఆవిడకి కూడా చెప్పనివి నేను చెప్పాను. ఒకసారి అలవాటు కొద్దీ, "మీదే ఊరండీ?" అన్నాను.

"అదొక్కటి వద్దు తమ్ముడూ" అన్నాడు. ఇంట్లో ఎవరు ఎత్తుతారో తెలియదని ఫోన్ నంబరూ వద్దన్నాడు. నేనూ బతిమాలలేదు. ఆదివారం ఎలాగూ వస్తుందిగా అనుకున్నాను.

మిరప కోతలప్పుడు ఒక ఆదివారం ఆయన రాలేదు. పనులేమో అనుకున్నాను. ఆ తర్వాతా రాలేదు. కోతలైపోయాయి, కళ్ళాల్లో కాయలు ఎండి మిర్చి యార్డుకి వెళ్ళిపోయాయి, ఆయన మాత్రం రాలేదు. గదిలోవాళ్ళని అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక ఆదివారం బస్టాండులో నిలబడి దిగేవాళ్ళ ముఖాలన్నీ చూశాను. ఏ బస్సెక్కి వెళ్ళి వెతకను? మళ్ళీ తాగుతున్నాడో, మంచాన పడ్డాడో, అసలు ఉన్నాడో లేడో. కూతురి పెళ్ళి పందిట్లో ఆయన ఏ పక్కకి పడ్డాడో నాకు తెలుసు. ఆ పందిరి ఏ ఊళ్ళో వేశారో తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడి ఏడ్చేశాను. తాగొచ్చాననుకుని మా ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసింది. తాగలేదని తెలిశాక పక్కన కూర్చుంది. అంతా చెప్పాను.

"ఏ ఊరాయన?"

"తెలియదు."

"ఎవరి తాలూకు?"

"తెలియదు."

ఆవిడ నావైపు తిరిగింది. "అంటే రేపు మీరు వెళ్ళకపోయినా, మీకోసం ఎవరూ రారన్నమాట" అంది.

మరుసటి ఆదివారం నా వంతు వచ్చినప్పుడు మా ఊరి పేరు చెప్పాను. ఇంటిపేరు, మా నాన్న పేరు, షాపు ఎక్కడుందో కూడా చెప్పాను. మీటింగ్ నడిపే పెద్దాయన చెయ్యెత్తి, "అవన్నీ ఇక్కడ అక్కర్లేదండి" అన్నాడు.

"మీకు అక్కర్లేదండి, నాకు కావాలి" అన్నాను. "ఏ ఆదివారమైనా నేను రాకపోతే, ఎవరో ఒకరు మా ఊరొచ్చి అడగండి."