ఎంతమ్మా అని అడిగినప్పుడు

రక్తం తీయడం నాకు బాగా వచ్చు. ఎంత సన్నటి నరమైనా వేలితో తడిమితే దొరుకుతుంది. ఏడ్చే పిల్లలకూ, చేతులు వణికే ముసలివాళ్లకూ ఒక్క పోటుతో తీసేస్తాను. నాకు రానిదల్లా ఆ తర్వాతి పని. సూది తీసి, దూది అద్ది, "కాసేపు గట్టిగా పట్టుకోండి" అన్నాక ఆ ఇంట్లో ఎవరో ఒకరు "ఎంతమ్మా?" అని అడుగుతారు. అక్కడ నా నోరు పడిపోతుంది.

మదనపల్లెలో సొంతంగా పని మొదలుపెట్టిన రోజు, మొదటి ఇంట్లోనే ఇది జరిగింది. రిటైరైన బడి అయ్యవారు ఒకాయన, ఆయన భార్యకు షుగర్. ఆయన పర్సు తీసి పట్టుకుని నిలబడ్డారు. నేను నేల చూపులు చూస్తూ "మీ ఇష్టం సార్" అన్నాను. ఆయన నా మాట నమ్మారు. నమ్మి, తన ఇష్టమైనంతే ఇచ్చారు. నేను తీసిన రక్తాన్ని పరీక్ష చేసి పెట్టే ల్యాబ్‌కు నేను కట్టాల్సిన దానికంటే అది తక్కువ. ఆవిడ కాఫీ ఇచ్చింది, మంచి కాఫీ. తాగి, వస్తానని చెప్పి, తక్కువ పడినదానికి నా చేతి డబ్బులు వేసి ల్యాబ్‌లో కట్టాను.

అంతకుముందు నేనెవరినీ డబ్బు అడిగి ఎరగను. చాలా ఏళ్లు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేశాను. డబ్బు సంగతి కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చూసుకునేది. నెల తిరిగితే నా జీతం అకౌంట్లో పడేది. తర్వాత ఆ ల్యాబ్‌ను ఏదో పెద్ద కంపెనీ కొనేసింది. శాంపుల్స్ అన్నీ బెంగుళూరుకు పంపిస్తే చాలన్నారు, ఇక్కడ పరీక్షలు చేసే మనుషులు అక్కర్లేదన్నారు. మాకు తలా ఒక స్వీట్ బాక్స్ ఇచ్చి మరీ సాగనంపారు. దాన్ని మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. చీమలు పట్టాక పారేశాను.

అప్పటికే మా ఆయన ఆపరేషనుకు తీసుకున్న లోను నెత్తిమీద ఉంది. ఆయన బట్టల షాపులో పని చేస్తాడు, ఆ జీతం ఇల్లు గడవడానికే సరిపోతుంది. లోనుకు జామీను పడింది మా అన్న. కుప్పంలో గ్రానైట్ పాలిష్ చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నా జీతం పోయి కిస్తీలు ఆగిపోగానే బ్యాంకు నాకొక నోటీసు, అన్నకొక నోటీసు పంపింది. ఆయన నోటీసు వచ్చేసరికి ఇంట్లో వదిన ఒక్కతే ఉందట. సంతకం పెట్టి తీసుకుంది. ఆ సంగతి వదిన నాతో ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. బ్యాంకు వడ్డీ కొంత వదులుకుంది, మిగిలింది నేను నెలనెలా కట్టాలి. ఒక్క కిస్తీ తప్పినా రాజీ పోతుంది. పాత అప్పు మొత్తం మళ్లీ మెడకు చుట్టుకుంటుంది, వాళ్లు అన్న జీతం మీదికి పోతారు. ఆ రోజు కోర్టు హాల్లో మా వీధి మనిషి ఒకాయన నా వెనక బెంచీలోనే ఉన్నాడు. పొలం గట్టు తగాదా మీద వచ్చాడట. నన్ను చూసి తెలిసినట్టు తల ఊపాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరం కోర్టుకే వచ్చాం. కానీ తగాదాకు వచ్చినవాడు మీసం మెలేసుకుని కూర్చోవచ్చు, అప్పుకు వచ్చినదానికి ఆ సౌకర్యం లేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో ఒక పెద్దమ్మ లేచి, "అప్పుల బాధలో ఉండే మన చెల్లెలి కోసం" అని ప్రార్థన చేసింది. పేరు చెప్పలేదు. అయినా, కళ్లు మూసుకోవాల్సిన వేళలో సగం తలలు నా వైపు తిరిగాయి. అందరూ మంచివాళ్లే. నాకు పని ఇవ్వాలని, అవసరం ఉన్నా లేకపోయినా ఇంటికి పిలిచి రక్తం తీయించుకున్నారు. తీశాక, "దేవుడు నిన్ను దీవిస్తాడు పాపా" అని తల మీద చెయ్యి పెట్టేవాళ్లు. తల మీద చెయ్యి ఉండగా రేటు ఎట్లా చెప్పాలి? దీవెనలు జమ చేసుకునే బ్యాంకు మదనపల్లెలో ఇంకా తెరవలేదు.

తెలిసిన ఊళ్లో నోరు పెగలడం లేదు కదా, తెలియని ఊరికి పోదామని పుంగనూరు బస్సెక్కడం మొదలుపెట్టాను. అక్కడ నేను ఎవరి చెల్లెలినో, ఏ బ్యాంకుకు బాకీయో ఎవరికీ తెలియదు. అయినా సిగ్గు తగ్గలేదు. "మీ ఇష్టం" అనడం మానేసి, "తర్వాత ఇవ్వండి, ఏం పరవాలేదు" అనడం నేర్చుకున్నాను, అంతే తేడా. ఒకామె, "శుక్రవారం పూట లచ్చిమిని బయటికి పంపించకూడదు, మళ్లా వచ్చినప్పుడు ఇస్తాలేమ్మా" అంది. నేను మళ్లీ వెళ్లింది కూడా శుక్రవారమే. శుక్రవారం ఎందుకు వెళ్లావని మా ఆయన అడిగాడు. ఆయన అడిగింది సబబే. నేను మాత్రం "నువ్వు పోయి అడుగు, తెలుస్తుంది" అని ఇంతెత్తున లేచాను. పాపం, అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఇట్లాంటి వ్యాపారానికి ఏం మిగులుతుంది? ఆ నెల కిస్తీకి తక్కువ పడింది. అన్నను అడుగుదామనుకున్నాను. నా అప్పుకు జామీను పడిన మనిషినే, ఆ అప్పు కట్టడానికి మళ్లీ అప్పు అడగడం! ఫోను చేస్తే వదిన ఎత్తింది.

"వస్తాండావా? రామ్మా. వచ్చేటప్పుడు నీ డబ్బా తెచ్చుకో. మీ అన్నకు షుగర్ సూసి శానా దినాలయింది" అంది.

సాయంత్రానికి కుప్పం చేరాను. వదిన సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. అన్న టీవీ ముందు కూర్చున్నాడు. అడగాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోతోంది. పొద్దున అడుగుదాంలే అనుకుని పడుకున్నాను.

పొద్దున పరగడుపున అన్న చెయ్యి చాచాడు. రక్తం తీసి, దూది పెట్టి, సీసాకు మూత బిగిస్తున్నాను. వంటింటి గుమ్మంలోంచి వదిన "ఎంతమ్మా?" అంది.

నేను నవ్వాను. "అదేం మాట వదినా? మీ దగ్గర తీసుకుంటానా?"

వదిన నవ్వలేదు. "యాల తీసుకోవు?"

"అన్న నాకు చేసినదాని ముందు ఇదెంత?"

"మీ అన్న ఏం చేసినాడు? సంతకం పెట్టినాడు. నీ అప్పుకు పెట్టినాడు గానీ నీ సిగ్గుకు పెట్టలేదమ్మా. నువ్విట్ల ఇంటింటికీ పోయి ఊరికే చేసి వస్తాంటే, రేపు ఆ కిస్తీ ఎవరు కట్టాల? మేమే గదా?"

"ఊరుకో మే" అన్నాడు అన్న.

"మీరుండండి. పోస్టుమేను ముందర నిలబడి ఆ నోటీసు తీసుకునింది నేను. ఆ సంతకం పెట్టేటప్పుడు ఎట్లుంటాదో మీకేం తెలుసు?"

నా ముఖం భగ్గుమంది. "మీ ఇష్టం" అన్న ప్రతిసారీ నా మర్యాద నిలబెట్టుకుంటున్నాననే అనుకున్నాను. ఆ మర్యాదకు ఖర్చు ఈ ఇంటి జీతంలోంచి పోతుందని ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టనివ్వలేదేమో కూడా. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకేముంది?

రేటు చెప్పాను. తల ఎత్తకుండానే చెప్పాను. వదిన లోపలికి పోయి పెద్ద నోటు తెచ్చింది. "చిల్లర ఉండాదా?" అని అడిగింది. తీసి ఇచ్చాను. అంగట్లో చూసుకున్నట్టే ఆ చిల్లర లెక్క చూసుకుని కొంగున ముడేసుకుంది. అన్న మోచెయ్యి మడుచుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వదిన నాకు ఇడ్లీలు పెట్టింది, ఇంకో రెండు వేసుకోమని బలవంతం కూడా చేసింది.

అడగడానికి వచ్చిన మాట అడగలేదు. ఆ నోటు తీసుకున్నాక అడిగే ముఖం నాకు లేదు. కిస్తీకి ఇంకా తక్కువే.

తిరుగు బస్సులో పలమనేరు దాటాక ఫోను తీసి పుంగనూరులో ఆ శుక్రవారపు ఆమెకు చేశాను. "అమ్మా, రక్తం తీసుకుపోయినదాన్ని. మీరు నాకు డబ్బులివ్వాలి. ఇంకాసేపట్లో మీ ఊళ్లో దిగుతాను, ఇస్తారా?" అన్నాను. గొంతు పీలగా వచ్చింది. పక్క సీటులో కాలేజీ పిల్ల చెవిలో ఇయర్‌ఫోను తీసి నా వైపు చూసింది. అవతల ఆమె "ఎవురూ? వినపళ్లేదు" అంది. నా చెవులు కాలిపోతున్నాయి. కిటికీ వైపు ముఖం తిప్పుకుని, బస్సంతా వినపడేట్టు మళ్లీ చెప్పాను.